ఒడ్డున ఉత్తీర్ణుడు

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇటీవల అక్కడక్కడ తలెత్తుతున్న మనుష్యజాతులలో తెల్లనీటి పరీక్షార్థి ఒకడు. వాలు వెంట రాళ్ళ మీదుగా ఉరికే నది గాలిని కలుపుకొని నురగలు కక్కినప్పుడు ఆ నీటిని తెల్లనీరు అంటారు. ఆ నీటిలో కయాక్ అనే ఒంటిమనిషి పడవను రెండు కొనలకూ పలకలున్న తెడ్డుతో నడపడం ఒక క్రీడ. ఆ క్రీడలో తాను క్షేమంగా దిగిరావడమే కాక, వెంట వచ్చినవారిని కూడా క్షేమంగా దించగలనని ఒక పరిశీలకుని ఎదుట నిరూపించుకోవడం ఒక పరీక్ష. వీటిలో మొదటిది కొండల పని, రెండవది సరదా. మూడవది వచ్చి పడేదాకా తెలుగువాడికి మొదటి రెండూ రుచించవు.

ఈ జాతి లక్షణాలను వివరించే ముందు ఒక అపోహను తొలగించడం అవసరం. ఈ రచనకు ఆధారమైన వ్యక్తి వ్యాసకర్తకు వరసకు బావ అవుతాడనీ, వ్యాసకర్త కారు వెనుక సీటు తడిసి బూజు పట్టడంతోనే ఈ పరిశోధన ఆరంభమైందనీ బంధువర్గంలో ఒక ప్రచారం ఉన్నది. శాస్త్రీయ రచనలో ఇటువంటి ప్రచారాలకు తావు లేదు. సీటు సంగతి మాత్రం నిజం.

పరీక్షార్థి గురిపెట్టినది వైట్‌వాటర్ కయాక్ లీడర్ అనే యోగ్యతాపత్రం. దీనిని నడిపించే జాతీయ సంస్థ 1936లో బ్రిటిష్ కెనూ యూనియన్‌గా పుట్టి, తరువాత బ్రిటిష్ కెనూయింగ్ అయి, 2024లో ప్యాడిల్ యూకే అని పేరు మార్చుకొన్నది. ఈ చివరి మార్పు వల్ల దేశంలో అందరికన్నా ఎక్కువగా నలిగినవాడు పరీక్షార్థి, ఎందుకంటే రంగురంగుల ఫైళ్ళ మీద అచ్చువేయించి అతికించుకొన్న పేర్లన్నీ పీకి మళ్ళీ అతికించుకోవలసి వచ్చింది. ఫైళ్ళలో ఏమున్నదనే ప్రశ్న వేరు. పరీక్షకు ముందు రెండు రోజుల ప్రమాదనివారణ, రక్షణ శిక్షణ పొంది ఉండాలి. ప్రథమచికిత్స పత్రం ఉండాలి. ఏ నది మీద, ఏ మట్టంలో, ఎవరితో దిగాడో తెలిపే దినచర్య పుస్తకం ఉండాలి. ఇవన్నీ ఒక సన్నని ఫైలులో ఒదిగిపోయేవే అయినా, ప్రతి పత్రానికీ నకలు, నకలుకు నకలు తీసి, లామినేషన్ చేయించి, వర్షంలో తడవకుండా భద్రపరచడం ఇతని జన్మహక్కు.

ఈ పరీక్షకు ప్రశ్నపత్రం లేకపోవడం అతనికి తగిలిన మొదటి దెబ్బ. ఏమేమి చూస్తారో సంస్థ ముందే బహిరంగంగా ప్రకటిస్తుంది. ఆపై పరిశీలకుడు నది మీద వెంట ఉండి, అభ్యర్థి నీటిని ఎట్లా చదువుతున్నాడో, గుంపును ఎక్కడ ఆపుతున్నాడో, ఎవరైనా బోల్తా పడితే ఏం చేస్తున్నాడో గమనిస్తాడు. ఎంసెట్‌కు బిట్లు బట్టీపట్టి, పాత ప్రశ్నపత్రాలు తిరగేసి, ఏ అధ్యాయం నుంచి ఎన్ని మార్కులకు వస్తుందో లెక్కగట్టి సీటు తెచ్చుకొన్న మనిషికి, అంతా ముందే చెప్పేసే పరీక్ష మీద నమ్మకం కుదరదు. ఇందులో ఏదో మెలిక ఉండి తీరుతుందనే అనుమానంతో అతడు పరిశీలకుల పూర్వాపరాలు సేకరించడం మొదలుపెడతాడు: ఫలానా ఆవిడ తాళ్ళ ముడుల మీద ఎక్కువ అడుగుతుందట, ఫలానా ఆయనకు ఈల వేసేవాళ్ళంటే పడదట, వేల్స్‌లో కన్నా డెవన్‌లో కాస్త ఉదారంగా చూస్తారట. ఈ సమాచారం ఎక్కడిదని అడిగితే, ఇద్దరు తప్పినవాళ్ళు చెప్పారంటాడు.

నదుల కష్టాన్ని కొలవడానికి ఒకటి నుంచి ఆరు వరకు అంతర్జాతీయ గ్రేడులున్నాయి. ఒకటవది చిన్న అలలతో మెల్లగా కదిలే నీరు, ఆరవది నిపుణులకు సైతం ప్రాణాంతకమైనది. పరీక్షార్థికి అవసరమైనది రెండవ గ్రేడు నీరు, అందులో అక్కడక్కడ మూడవది. ఈ కొలమానం వంటబట్టినది మొదలు అతనికి ఇహలోకంలో గ్రేడు లేని వస్తువు కనిపించదు. ఇంటి మెట్లు రెండు, సోమవారం ఉదయం ఎం6 రహదారి మూడు, ఇండియా నుంచి అత్తగారు దిగినప్పుడు విమానాశ్రయం పార్కింగ్ నాలుగు. భార్య మాట్లాడడం మానేసిన సాయంత్రానికి ఏ గ్రేడు ఇవ్వాలన్న విషయంలో అతడు గ్రంథాలు తిరగేసి, ఒడ్డున పడవ మోసుకొంటూ దాటిపోవడమే శ్రేయస్కరమన్న నిర్ణయానికి వచ్చాడు. తెల్లనీటి శాస్త్రంలో దీనిని పోర్టేజ్ అంటారు. దీన్ని అవమానంగా భావించరాదని అన్ని గ్రంథాలూ ఏకగ్రీవంగా చెబుతున్నాయి.

సామగ్రి విషయంలో ఇతని శ్రద్ధను మెచ్చుకోవలసిందే. శిరస్త్రాణం, 50 న్యూటన్ల తేలుడు బలం గల జాకెట్టు, నడుముకు తొడుక్కొని పడవ నోటికి బిగించే స్ప్రేడెక్ అనే రబ్బరు పావడా, తాడు కోయడానికి కత్తి, కొక్కేలు, కప్పీలు, రాళ్ళ మధ్య ఇరుక్కొన్న పడవను మూడింతల బలంతో లాగే జెడ్-డ్రాగ్ అనే తాళ్ళ అమరికకు కావలసిన సరంజామా, ఇవన్నీ కొని, తూచి, జాబితా రాసి, మళ్ళీ తూస్తాడు. వీటిలో కిరీటం వంటిది డ్రైసూట్, అంటే లోపలి బట్టలు తడవకుండా ఒళ్ళంతా కప్పే దుస్తు. దాని మెడకూ మణికట్లకూ లేటెక్స్ రబ్బరు పట్టీలుంటాయి. నీరు లోపలికి చొరకూడదు కనుక అవి గొంతు పట్టుకొన్నంత బిగువుగా ఉంటాయి. కొన్న రోజు రాత్రి అతడు మెడపట్టీకి పౌడరు పూయడం మరచి తల దూర్చగా, అది చెవుల దగ్గర ఆగిపోయి, కిందికీ దిగక పైకీ రాక, లోపలి నుంచి రబ్బరు తత్వం మీద ఒక ఉపన్యాసం వినిపించసాగింది. భార్య వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, ముందు తల బయటికి రానివ్వండి, తరువాత చెబుదురుగాని," అని, పిల్లల పౌడరు డబ్బా తెచ్చి, రెండు చేతులా పట్టీని సాగదీసి లాగింది. బయటపడిన తల మొదట పలికిన మాట, "చూశావా, ఒక్క చుక్క కూడా లోపలికి పోదు."

నది మీద హోరులో మాట వినిపించదు కనుక ఈలలకు భాష ఉన్నది. ఒక్క ఈల వేస్తే ఇటు చూడమని అర్థం; మూడు ఈలలు ఆపదకు సంకేతం. తెలుగువారి వంటింట్లో మూడు ఈలలకు కందిపప్పు ఉడికిందని అర్థం. ఈ రెండు సంప్రదాయాల మధ్య సంఘర్షణ పరీక్షార్థి ఇంట్లో వారానికి కనీసం నాలుగు రాత్రులు నడుస్తుంది: కుక్కరు మూడవ కూత కూయగానే అతడు చదువుతున్నదాన్ని వదిలి లేచి నిలబడతాడు, చుట్టూ చూస్తాడు, ఎవరికీ ఏమీ కాలేదని నిర్ధారించుకొని కూర్చుంటాడు. భార్య పొయ్యి కట్టేస్తుంది. ఇది హాస్యానికి చెప్పినది కాదు, అలవాటు ఎంత లోతుకు దిగిందో చూపడానికి మాత్రమే.

రక్షణ శిక్షణకు కేంద్రంగా నిలిచేది త్రో బ్యాగ్ అనే తాడుసంచి. నీటిలో తేలే తాడును చుట్టలు చుట్టకుండా గుప్పెడు గుప్పెడుగా సంచిలో కుక్కుతారు. కొట్టుకుపోతున్న మనిషిని పిలిచి, అతడు తలతిప్పి చూశాక, తాడు కొసను చేతిలో ఉంచుకొని సంచిని అతని మీదుగా అవతలికి విసురుతారు, తాడు అతని రొమ్మున అడ్డంగా పడాలి. పట్టుకొన్నవాడు వెల్లకిలా తిరిగి తాడును భుజం మీదుగా పట్టుకోవాలి. ఒడ్డున ఉన్నవాడు చతికిలబడి కాళ్ళు తన్నిపెట్టి బరువు మోయాలి. అప్పుడు ప్రవాహమే మనిషిని వంపు తిప్పి గట్టుకు చేరుస్తుంది. ఈ ప్రక్రియను పెరట్లో అభ్యసించేటప్పుడు కొట్టుకుపోయే మనిషి పాత్ర చిన్నకొడుకుది, గట్టు పాత్ర తులసికోటది. ఆరేళ్ళ వయసులో ఆ పిల్లవాడు తండ్రి కన్నా బాగా కొట్టుకుపోతాడు. తాడు మాత్రం ఎక్కువసార్లు కంచె దాటి పొరుగింటి గులాబీల మీద పడుతుంది. ఆ ఇంటి వృద్ధ దంపతులు మొదట్లో తాడును తిరిగి విసిరేవారు. ఇప్పుడు వారి గురి అతని కన్నా మెరుగైనదని పరీక్షార్థి స్వయంగా ఒప్పుకొంటాడు.

సిద్ధాంతభాగంలో ఇతనిని ఓడించగలవాడు లేడు. ఆపదలో ఉన్నవానికి ముందు మాటతో దారి చెప్పాలి, అది చాలకపోతే తెడ్డు అందించాలి, అదీ చాలకపోతే తాడు విసరాలి, తాను నీళ్ళలోకి దూకడం అన్నిటికన్నా చివరి మాట. ప్రవాహం వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. మోకాళ్ళ లోతు దాటిన పరుగునీటిలో లేచి నిలబడరాదు, పాదం రాళ్ళ సందున చిక్కితే నీరు మనిషిని ముందుకు మడిచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ కాళ్ళు దిగువవైపు చాచి, కాలివేళ్ళు పైకి కనబడేటట్లు పెట్టుకోవాలి. ఇవి నిజంగా ప్రాణాలు నిలిపే సంగతులు, వీటి మీద నవ్వడానికి ఏమీ లేదు. స్నానాల తొట్టిలో నిలబడ్డ కూతురికి ఇవే సంగతులను తలుపు వెలుపలి నుంచి గట్టిగా చదివి వినిపించడం గురించి మాత్రం అంత నిస్సందేహంగా చెప్పలేము.

ఈ సిద్ధాంతబలం ఆదివారం పూట వీడియో కాల్‌లో ధవళేశ్వరం నుంచి తల్లి కనిపించినప్పుడు కాస్త సడలుతుంది. ఆనకట్టల కింద నీరు దుమికి, తిరిగి గోడవైపే మెలికపడి, పడినదాన్ని వదలకుండా తిప్పుతుందనీ, చూడడానికి ఎంత సాఫీగా ఉంటే అంత ప్రమాదమనీ, అందుకే పరీక్షలో ఆనకట్టల గురించి తప్పక అడుగుతారనీ అతడు ఒకసారి వివరించబోయాడు. కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీని చూస్తూ డెబ్బై దాటిన ఆ ఇల్లాలు ఓపికగా విన్నది.

"ఒరే నాన్నా, మీ తాతయ్య యాభై ఏళ్ళు ఇసుక పడవ నడిపాడు. ఆయన ఏ పరీక్ష రాశాడురా?"

"తాతయ్యకు లీడర్ అవార్డు లేదు గదమ్మా."

"గోదారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నాయనా."

ఇక బోల్తా పడిన పడవలో కూర్చున్నవాడు కూర్చున్నట్లే తిరిగి పైకి లేవడాన్ని రోల్ అంటారు. ఇది ఉత్తరధ్రువ ప్రాంతపు వేటగాళ్ళ విద్య. 1927లో ఆస్ట్రియాకు చెందిన హాన్స్ పావ్‌లాటా అనేవాడు గ్రీన్‌లాండ్ యాత్రల వర్ణనలు చదివి, దీనిని సొంతంగా సాధించాడు. చదివి నేర్చుకోవచ్చుననడానికి ఇంతకన్నా ప్రమాణం ఏం కావాలని పరీక్షార్థి వాదన. పావ్‌లాటా చదవడంతో ఆపక సరస్సులోకి కూడా దిగాడన్న అంశం ఆ వాదనలో పైకి రాదు. రోల్‌లో కిటుకంతా నడుములో ఉన్నది. నడుమును విదిలించి పడవను ముందు తిప్పాలి, మొండెం తరువాత, బరువైన తల అన్నిటికన్నా చివర నీటిని విడవాలి. ఊపిరి కోసం తల ముందు లేపితే ఆ బరువుకు పడవ తిరిగి బోర్లాపడుతుంది. శీతకాలపు రాత్రులలో మునిసిపల్ ఈతకొలనులో, గోరువెచ్చని నీటిలో, ఇతని రోల్ చూడముచ్చటగా ఉంటుంది. నదిలో ఆ ముచ్చట తీరదు: చన్నీటి దెబ్బకు మొదటి నిమిషంలో ఒంటికి తెలియకుండానే ఎగశ్వాస పుడుతుంది, అన్ని సూత్రాలూ తెలిసిన తల అన్నిటికన్నా ముందు లేస్తుంది.

అట్లా పడవ విడిచి ఈదుకొని ఒడ్డుకు చేరినవాడు తన తడిబూటులో బీరు పోసుకొని తాగడం అక్కడి పడవగాళ్ళ ఆచారం. మందు ముట్టని పరీక్షార్థి ఈ ఆచారాన్ని ధిక్కరించలేదు, పాటించనూ లేదు. గుంపులో ఎవరైనా చలికి వణికితే ఇవ్వడానికని లీడరు వేడి పానీయం వెంట ఉంచుకోవాలన్న నియమాన్ని అనుసరించి తాను మోసుకొచ్చిన మిరియాల చారును ఫ్లాస్కు నుంచి బూటులోకి వంపుకొని, నిలబడి తాగాడు. ఆనాటి నుంచి ఎవరు బోల్తాపడినా ఆ చారే అడుగుతున్నారు, బూటు అవసరం లేకుండా. ఇతని పట్ల క్లబ్బులో ఉన్న గౌరవానికి ఈ ఒక్క ఫ్లాస్కు చేసిన దోహదం పది ధ్రువపత్రాలు చేయలేదు.

అభ్యాసానికి ఇతడు ఎంచుకొన్న నదులు రెండూ ఉత్తర వేల్స్‌లోనివి. లంగోలెన్ ఊరి ఎగువన డీ నది మీద థామస్ టెల్ఫర్డ్ 1808లో కాలువకు నీళ్ళు మళ్ళించడానికి కట్టించిన గుర్రపునాడా ఆకారపు ఆనకట్ట ఉన్నది. దానికి కాస్త దిగువన నది రాతిపొరల మధ్య ఇరుకై సర్పెంట్స్ టెయిల్, అంటే పాముతోక, అనే జోరుపాయగా మారుతుంది. రెండవది బాలా దగ్గరి ట్రెవెరిన్. పైనున్న జలాశయం నుంచి నీరు వదిలినప్పుడు వేసవిలోనూ పారే ఈ ఏటి మీద 1981లో ప్రపంచ పోటీలు జరిగాయి. లివర్‌పూల్ నగరానికి నీటి కోసం కట్టిన ఆ జలాశయం కింద 1965లో కాపెల్ కెలిన్ అనే గ్రామం మునిగిపోయింది. పోలవరం ముంపు గ్రామాల పేర్లు వింటూ పెరిగినవానికి ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు; అక్కడ మాత్రం ఇతడు కాసేపు గ్రేడుల గురించి మాట్లాడడు.

దిగే ముందు జోరును ఒడ్డు నుంచి పరిశీలించాలన్నది నియమం. పరిశీలన అడుగు నుంచి మొదలుపెట్టాలి: ఒకవేళ బోల్తా పడితే ఎక్కడ తేలుతాం, అక్కడ ఏమున్నది, తాడుతో ఎవరు నిలబడతారు అని చూసుకొని, ఆపైన ఎగువకు రావాలి. బండల వెనుక నీరు నెమ్మదించి తిరిగి ఎగువకు పారే ఎడ్డీలను గుర్తించాలి, ఎందుకంటే గుంపు ఆగి ఊపిరి తీసుకొనేది వాటిలోనే. నేర్పరులకు ఇది ఐదు నిమిషాల పని. పరీక్షార్థి రాతి మీద నిలబడి, చేయి చాచి, వచ్చేపోయే ప్రతి నీటిముద్దకూ పేరు పెట్టి, ప్రత్యామ్నాయ మార్గాలను అక్షరక్రమంలో వివరించి, ప్రశ్నలేవైనా ఉన్నాయా అని అడిగేసరికి, ట్రెవెరిన్‌లో ఆనాటికి నీళ్ళు కట్టేసే వేళ అవుతుంది. ఏటి అడుగు రాళ్ళు బయటపడుతుండగా అతడు తృప్తిగా, తాను ఊహించిన చోటే బండ ఉన్నదని చూపిస్తాడు.

ఇంతటి ముందుచూపు గల మనిషికి లొంగనిది ఒక్కటే, కార్ల ఏర్పాటు. నది ఒకవైపే పారుతుంది కనుక, దిగేచోట ఒక కారు, తేలేచోట ఒక కారు ఉంచుతారు. ప్రమాద అంచనా పత్రం నింపి, వాతావరణం చూసి, నీటిమట్టం రాసుకొని, అందరి అత్యవసర ఫోన్ నంబర్లు తీసుకొని, ఎవరి జాకెట్టు పట్టీ వదులుగా ఉన్నదో లాగి చూసి, నాలుగు మైళ్ళు దిగి, కింది కారు దగ్గర నీళ్ళోడుతూ నిలబడినప్పుడు, ఆ కారు తాళంచెవి పైకారులో, ఆరిన పంట్లాం జేబులో, భద్రంగా ఉన్నదని పరీక్షార్థికి స్ఫురిస్తుంది. అప్పుడు ఫోన్ చేస్తే వచ్చి పైకి తీసుకువెళ్ళవలసిన కారు ఎవరిదో, దాని వెనుక సీటు తడిసినది ఎందువల్లనో పాఠకులు గ్రహించగలరు.

చివరకు పరీక్ష జరిగింది. అభ్యర్థి వేసిన ముడులు తప్పుపోలేదు, తాడు పడవలసిన చోటే పడింది, నటనకు స్పృహతప్పిన మనిషిని అతడు పద్ధతి ప్రకారమే ఒడ్డుకు చేర్చాడు. అయినా ఒక అంశంలో మళ్ళీ రమ్మన్నారు. పరిశీలకురాలు చెప్పిన కారణం చిన్నది: ప్రతి పని తరువాత అతడు ఆమె ముఖం వైపు చూస్తున్నాడు, చూడవలసినది వెనుక వచ్చే గుంపును. బంధువులు దీనిని తప్పడం అన్నారు, అతడు వాయిదా అన్నాడు. తెలుగుదేశంలో పరీక్ష రాసిన ప్రతివాడికీ చిన్ననాటి నుంచి పడిన చూపు అది. ప్రశ్నకన్నా పేపరు దిద్దేవాని మనసు ముఖ్యమని నేర్చిన చదువు ఒక్క రోజులో, అదీ నీళ్ళలో, వదలదు. ఆ మాటను అతడు నీలం ఫైలులో లామినేషన్ చేయించి పెట్టుకొన్నాడని తెలిసినప్పుడు మాత్రం ఎవరికైనా విసుగు రాక మానదు.

రెండవ విడత వసంతంలో ఉన్నది. అంతవరకు అతని గుంపుతో నదికి వెళ్ళదలచినవారు నిస్సంకోచంగా వెళ్ళవచ్చును. అదనపు చేతితొడుగులు, ఉన్ని టోపీ, విరిగిన తెడ్డుకు బదులు వాడే మడతతెడ్డు, తలనొప్పి మాత్రలు, చారు, అన్నీ అతడే తెస్తాడు. బోల్తా పడినవాని వైపు, పరిశీలకులెవరూ లేనప్పుడు, అందరికన్నా ముందు తిరిగే తల అతనిదే. కింది కారు తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.